నయమైందని సాక్ష్యం చెప్పిన తుంటి

నేను ఆటల టీచర్ని. హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో పద్నాలుగేళ్లుగా ఆడపిల్లలకు ఖోఖో నేర్పుతున్నాను. గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. దెబ్బ తగిలిందని ఏ పిల్లయినా కుంటుకుంటూ వస్తే, "నడుస్తానవ్ గద, ఇంకేంది?" అని మళ్లీ గడిలోకి తోలేదాన్ని. ఇప్పుడు నేనూ నడుస్తున్నాను. అంతకు మించి నా కుడికాలు చేసేదేమీ లేదు.

నా తుంటి ఒక్కటే పాడైతే ఇదంతా రాసేదాన్ని కాదు. తుంట్లు అరిగినవాళ్లు ఊరినిండా ఉన్నారు. నేను నలుగురిలో ఒక మాట చెప్పాను. ఆ మాట నమ్మి ఇంకో మనిషి తన తుంటిని పోగొట్టుకుంటోంది. ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చుని పోగొట్టుకుంటోంది.

మొదలైంది గ్రౌండులోనే. ఖోఖోలో తరిమే జట్టు వరసగా గడుల్లో కూర్చోవాలి. అది మామూలు కూర్చోవడం కాదు. మోకాళ్లు రొమ్ముకు తగలాలి, మడమలు లేచి ఉండాలి, చేతివేళ్లు నేలకు ఆనాలి, వీపు వెనక 'ఖో' అని వినబడగానే ఒక్క ఉదుటున లేచి ఉరకాలి. కొత్త పిల్లలకు అది చెబితే రాదు, చూపించాలి. రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచి చూపించేదాన్నో నాకే తెలియదు. ముప్పై ఆరో ఏట, ఒక సాయంత్రం, అలా లేస్తుంటే కుడి గజ్జలో లోపలెక్కడో పట్టుకుంది. కండరం లాగినట్టు లేదు. రెండు గట్టి వస్తువుల మధ్య ఏదో నలిగినట్టుంది.

ఆ నొప్పి పైకి కనబడే చోట లేదు. వాపు లేదు, ఎరుపు లేదు, వేలు పెట్టి నొక్కితే దొరకదు. ఎవరైనా ఎక్కడని అడిగితే నా చెయ్యి తనంతట తానే తుంటిని పట్టుకునేది, బొటనవేలు వెనక్కి, మిగిలిన వేళ్లు ముందు గజ్జ మీదికి. కాలు మడిచి చేసే పనులన్నీ నాకు పగవైపోయాయి. బూటు తొడుక్కోవడం, ఆటోలోంచి దిగడం, స్కూటీ మీద కాలు వేయడం, పీట మీద కూర్చుని కూరగాయలు తరగడం. గంటసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు ముసలమ్మలా వేసేదాన్ని. ఆ తర్వాత సర్దుకునేది. సర్దుకుంటోంది కదా అని నేను దాన్ని నొప్పుల జాబితాలోనే వేయలేదు.

చివరికి ఒక ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన మగమనిషి, గదిలో ఇద్దరు మగ కాంపౌండర్లు. గజ్జ అనడానికి నాకు నోరు రాలేదు. గ్రౌండు అవతలికి వినబడేలా అరిచే నేను అక్కడ చీర చెంగు నలుపుకుంటూ "నడుములో సార్" అన్నాను. ఆయన నడుముకు ఫొటో తీయించాడు, బెల్టు రాశాడు, బరువులెత్తొద్దన్నాడు. తప్పు నాదే. చెప్పిన చోటికే కదా వైద్యం చేస్తారు. ఆ బెల్టు కట్టుకుని ఏడాది తిరిగాను.

ఇక చర్చి సంగతి. మాది మట్టెవాడ. కింద రెండు దుకాణాలు, మెట్లెక్కితే పైన రేకుల హాలు, అదే మా చర్చి. మగవాళ్లు కుడిపక్క, ఆడవాళ్లు ఎడమపక్క, కింద పరిచిన జంపఖానాల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంటాం. వెనక గోడ వారగా ఒక వరస ప్లాస్టిక్ కుర్చీలుంటాయి, అవి ముసలివాళ్లకు, రోగులకు. రెండున్నర గంటల ఆరాధన. బాసిపట్లు నాకు పడక, ఆ ఏడాది నేనూ కుర్చీలకెక్కాను. మా అమ్మకు అది తలవంపులైంది. "నేను కింద కూసుంట, నువ్వు కుర్చీల కూసుంటవా? ఎవలు తల్లి, ఎవలు బిడ్డ?" అనేది. అమ్మది పక్క సందే. మా ఆయన రైల్వే మనిషి, వారంలో సగం రోజులు రైళ్ల మీదే ఉంటాడు కాబట్టి ఆదివారాలు నాకు అమ్మే తోడు.

మే నెలలో మూడు రోజులు ఉపవాస కూడికలు పెట్టారు. చివరిరోజు పాస్టరయ్య వరసగా అందరి తలల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మర్నాడు పొద్దున లేచి కాలు మడిచి చూసుకుంటే నొప్పి లేదు. నిజంగానే లేదు. ఇందులో ఒక్క అక్షరం కల్పించడం లేదు. మంచం మీద కూర్చుని ఏడ్చాను. బడికి సెలవులిచ్చి అప్పటికి మూడు వారాలైందని, ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా గడిలో కూర్చోలేదని, ఆ రెండింటినీ కలిపి చూసుకోవాలని నాకు తట్టలేదు. కాలు బెణికిన పిల్లకు వారం విశ్రాంతి ఇచ్చి, నొప్పి తగ్గగానే ఉరకబోతే చెవి మెలిపెట్టి ఆపే మనిషిని నేను. నా దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏ గంగలో కలిసిందో.

"దేవుడు చేసిన మేలు దాసుకోవద్దు బిడ్డ. ఐతారం సాక్ష్యం చెప్పాలె" అంది అమ్మ.

మా దగ్గర సాక్ష్యం అంటే సంగతేమిటో చెప్పాలి. ఆరాధన మధ్యలో, మేలు పొందినవాళ్లు లేచి మైకు దగ్గరికి పోయి అందరి ముందూ చెప్పాలి. చెప్పిన తర్వాత అది చెప్పినవాళ్ల సొంత విషయం కాదు, సంఘానిది. "ఫలానా ఆమెకు పోలేదా?" అని ఇంకొకరికి ధైర్యం చెప్పడానికి వాడుకుంటారు. మళ్లీ నొప్పి వచ్చిందంటే నమ్మకం జారిందన్నమాట. ఈ మాట పాస్టరయ్య ఎన్నడూ అనలేదు. ఆయన ఎవరినీ దవాఖానకు పోవద్దనలేదు, ఆయనే రోజూ బీపీ గోలీ వేసుకుంటాడు. మాలో మేమే అనుకుంటాం, మాలో మేమే భయపడతాం.

ఆ ఆదివారం మైకు పట్టుకున్నాను. మైకు నాకు కొత్త కాదు. ఏడాదిన్నర బాధ, బెల్టు, కుర్చీ, ఉపవాసం, అన్నీ చెప్పాను. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. నాలోని ఆటల టీచరు ఆగలేదు. "చూడున్రి" అని, చీర కుచ్చెళ్లు సర్దుకుని, అందరి ముందూ ఖోఖో గడిలో కూర్చున్నట్టు మోకాళ్లు రొమ్ముకు ఆనించి కూర్చుని, ఒక్క ఉదుటున లేచాను.

లేస్తుంటే పట్టింది. సన్నగా, ఒక్క క్షణం. అదే చోట.

హాలంతా హల్లెలూయ అంది. నేను రెండు చేతులూ పైకెత్తి నవ్వాను. నా జీవితంలో ఒక్క క్షణం వెనక్కి ఇస్తానంటే నేను ఆ క్షణాన్నే అడుగుతాను. "ఇంకా కొంచెం ఉన్నది" అనాల్సిన క్షణం అది. చేతులు కిందికి దించి ఆ మూడు ముక్కలు అంటే ఎవరూ నన్ను కొట్టేవాళ్లు కాదు.

ఆరాధన అయిపోయాక మెట్ల దగ్గర ఒక అక్క నా చెయ్యి పట్టుకుంది. కొత్తవాడ నుంచి వస్తుంది. గుంట మగ్గం మీద జంపఖానాలు నేస్తుంది. మేం కూర్చునే జంపఖానాల్లో రెండు ఆమె చేతివే. మనిషి సన్నగా, నవ్వుమొహంతో ఉంటుంది. అంతకుముందు ఆమెకూ నాకూ 'ప్రెయిజ్ ద లార్డ్' తప్ప మాటల్లేవు. ఆ రోజు నా చేతిని వదలకుండా, ఇంకో చేత్తో తన ఎడమ తుంటిని పట్టుకుని చూపించింది. బొటనవేలు వెనక్కి, వేళ్లు ముందుకు.

"నాకు గూడ గిదే చెల్లె. మగ్గం గుంతలకెల్లి లేస్తాంటే లోపల కటుక్కుమంటది. దవాఖానల మిషన్ల వెట్టి ఫొటో తియ్యాలన్నరు, బుధారం రమ్మన్నరు. ఇగ పోను. నీకు పోయింది గద, నాకు పోదా?"

నా లోపల ఆ సన్నని పట్టు ఇంకా చల్లారలేదు. "దవాఖానకు గూడ పో అక్కా, పోతే తప్పేమున్నది" అన్నాను. అన్నానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. ఎంత చిన్న గొంతుతో అన్నానో కూడా గుర్తుంది.

"గట్లంటే నమ్మకం లేనట్టే గదనే" అని నవ్వి, మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగింది.

జూన్‌లో బడి తెరిచారు. నాలుగోరోజుకే నొప్పి తిరిగొచ్చింది. ఈసారి సిగ్గులేకుండా వచ్చింది. గడిలో కూర్చుంటే లేవలేకపోయేదాన్ని. పిల్లలకు చూపించడం మానేసి, పెద్దపిల్లల చేత చూపించి, నేను విజిల్ ఊదుతూ పక్కన నిలబడ్డాను. మా చర్చివాళ్ల పిల్లలు ఇద్దరు ఆ బడిలోనే చదువుతారు, వాళ్లెదుట కుంటకుండా నడిచేదాన్ని. మట్టెవాడలో మందుల షాపులన్నీ తెలిసినవే కాబట్టి నొప్పి గోలీలు హనుమకొండలో కొనుక్కునేదాన్ని. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు కదా, కుట్టించుకున్నది నేనే, అరవడానికి లేనిదీ నేనే.

అన్నింటికంటే నరకం ఆదివారం. నయమైన మనిషి కుర్చీలో కూర్చోకూడదు. మళ్లీ కింద, ముందు వరసలో, బాసిపట్లు. కొత్తవాడ అక్క అప్పటి నుంచి నా పక్కన చోటు పట్టేది. వాక్యం చదివేటప్పుడు ఆమె మెల్లగా ఎడమ మోకాలు లేపేది, నేను కుడి మోకాలు లేపేదాన్ని. అయిపోగానే ఆమె ఒకే ప్రశ్న అడిగేది.

"నీకెట్లున్నది చెల్లె?"

"మంచిగున్నదక్కా."

"నాకింక కొంచెమున్నది. పోతది" అనేది.

రెండేళ్లు. ఎన్ని ఆదివారాలో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. ప్రతిసారీ ఈవారం చెప్పేయాలనుకునేదాన్ని. ప్రతిసారీ ఆమె మొహం చూసి, ఆమె ఆశను నేనెందుకు చంపాలి అని ఒక గొప్ప సాకు చెప్పుకునేదాన్ని. నిజానికి నేను కాపాడుకుంటున్నది ఆమె ఆశను కాదు, నా మొహాన్ని.

జబ్బును చివరికి కనిపెట్టింది ఒక చిన్న పిల్ల. చిన్న పిల్ల అంటున్నాను గానీ ఫిజియోథెరపీ చదివిన డాక్టరమ్మ. బడుల మధ్య పోటీలు జరుగుతుంటే దెబ్బలు తగిలిన పిల్లలకు పట్టీలు వేయడానికి వచ్చింది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "మేడం, పొద్దటి సంది చూస్తాన, లేచినప్పుడల్లా టేబుల్ పట్టుకుంటాన్రు. ఎక్కడ నొప్పి?" అంది.

"నడుము" అనబోయాను. నా చెయ్యి అప్పటికే తుంటి మీదికి పోయింది. ఆ పిల్ల నా మొహం చూడలేదు, నా చెయ్యినే చూసింది.

స్కోర్లు రాసే గదిలో తలుపు వేసి, బల్ల మీద పడుకోబెట్టింది. ముందు కాలు చాపి ఉంచి పైకెత్తింది, వెన్ను మీద నొక్కి చూసింది. ఏమీ లేదు. ఎడమకాలు మడిచి తిప్పింది. హాయిగా తిరిగింది. తర్వాత కుడి మోకాలు మడిచి రొమ్ము వైపు తెచ్చి, మెల్లగా లోపలికి తిప్పింది. నేను పెట్టిన కేకకు బయట ఆట ఆగిపోయింది.

"నడుము కాదు మేడం. తుంటి జాయింటే. ఇన్నేండ్ల సంది ఎవరు గిట్ల తిప్పి చూడలేదా?"

చూడలేదు. తిప్పి చూసే చోటు నేను ఎవరికీ చూపించలేదు.

ఆ పిల్ల రాసిచ్చిన చీటీ పట్టుకుని హనుమకొండలోనే ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. ఈసారి గజ్జ అని నోరు తెరిచి చెప్పాను. కటి ఎముకకు ఫొటో తీశారు, మిషన్‌లో పెట్టి స్కానింగ్ తీశారు. ఆయన నాకు తెరమీద చూపించాడు. తొడ ఎముక పైన బంతి ఉంటుంది, అది గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. నా బంతి పూర్తి గుండ్రం కాదు, దాని కింద ఎముక సన్నబడే మెడ దగ్గర కొంచెం ఉబ్బి ఉంది. కాలు బాగా మడిచినప్పుడల్లా ఆ ఉబ్బు గిన్నె అంచును ఒరుసుకుంటుంది, వానాకాలం ఉబ్బిన తలుపు చట్రాన్ని ఒరుసుకున్నట్టు. గిన్నె అంచుకు మెత్తటి పెదవిలాంటిది ఉంటుందట, అది చిరిగింది. దాని వెనక ఉన్న గుజ్జు లేచిపోయింది.

"ఈ ఉబ్బు చానామందికి ఉంటది మేడం. నొప్పి లేకుండనే బతుకుతరు. ఒక్క ఫొటో చూసి జబ్బనం. మీరు చెప్పే నొప్పి, మేం తిప్పి చూసినప్పుడు వచ్చే నొప్పి, ఫొటో, మూడు కలవాలె. మీకు మూడు కలిసినయ్" అన్నాడు. ఆ తర్వాత, కాగితం మీద ఏదో రాసుకుంటూ మామూలుగా అడిగాడు. "మధ్యల ఎప్పుడన్న తగ్గిందా?"

"ఒక ఎండాకాలం తగ్గింది సార్."

"సెలవులల్లనా?"

"ఆఁ."

"తగ్గుతది. ఒరుసుకునే పని ఆపితే నొప్పి ఆగుతది. లోపలున్నది ఎటు పోదు."

అంతే. నా సాక్ష్యం మొత్తం ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. చర్చి గురించి ఆయనకు ఒక్క మాట కూడా తెలియదు. దేవుడి మీద నాకు కోపం రాలేదు. ఆయన నన్ను మైకు దగ్గర కూర్చుని లేవమనలేదు.

నొప్పి మొదలైనప్పుడే వచ్చి ఉంటే పని పద్ధతి మార్చుకుని, వ్యాయామాలతో చూసేవాళ్లట. కాకపోతే చిన్న రంధ్రం పెట్టి ఉబ్బు చెక్కి, చిరుగు కుట్టేవాళ్లట. ఇప్పుడు గుజ్జు అరిగిపోయింది కాబట్టి ఆ ఆపరేషన్ వల్ల పెద్ద లాభం లేదన్నాడు డాక్టరు. నలభై కూడా దాటలేదు కాబట్టి జాయింటు మార్చడానికి తొందరపడొద్దన్నాడు. ఎంతకాలం ఓర్చుకోగలిగితే అంతకాలం ఓర్చుకోవాలి. గడిలో ఎన్నటికీ కూర్చోవద్దు. చేతులు కాలాయి, ఇక ఆకులెందుకు.

అమ్మ కాగితాలు చూసి, మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత అంది, "చర్చిల ఎవ్వలకు చెప్పకు బిడ్డ. దేవుని పేరు పోతది."

"దేవుని పేరు పోదమ్మా. మన పేరు పోతది" అన్నాను. అమ్మ మీద అరిచాను కూడా. సాక్ష్యం చెప్పమన్నది నువ్వేనని, కుర్చీలో కూర్చుంటే తలవంపులన్నది నువ్వేనని. ఆమె ఏడ్చింది. ఆమె చెప్పమన్నది నిజమే, కానీ కూర్చుని లేచి చూపించమని ఆమె చెప్పలేదు.

నా కాలు ఎలాగూ పోయింది. కొత్తవాడ అక్క కాలైనా మిగులుతుందేమో అనుకుని శనివారం ఆమె ఇంటికి పోయాను.

ముందు గదిలోనే మగ్గం. గుంటలో రెండు కాళ్లూ పెట్టి, కింద ఉన్న చెక్కలను మార్చి మార్చి తొక్కుతూ నేయాలి. ఆమె ఎడమకాలు గుంటలోకి దించలేక పక్కకు చాపుకుని, రెండు చెక్కలనూ కుడికాలితోనే తొక్కుతోంది. నన్ను చూసి లేవబోయింది. మగ్గం కర్ర పట్టుకుని, నడుము వంచి, పళ్లు బిగబట్టి లేచేసరికి నేను చాయ్ తాగేంత సమయం పట్టింది.

కూర్చున్నాక చెప్పేశాను. ఇంకేమీ ఆలోచించుకోకుండా.

"అక్కా, నాకు పోలేదు."

"ఏంది?"

"నొప్పి. మళ్లొచ్చింది. డాక్టరు లోపల అరిగిపోయిందన్నడు."

ఆమె నా వైపు చూసింది. "ఎప్పటి సంది?"

"జూన్ సంది."

"మొన్న జూనా?"

"సాక్ష్యం చెప్పిన ఏడాది జూన్."

కొంతసేపు ఆమె ఒడిలో పడ్డ దారపు ముక్కలు ఏరుకుంది. "మరి నేనడిగినప్పుడల్లా మంచిగున్నదంటివి గదనే" అంది. కోపంగా అనలేదు. నన్ను తిడితే బాగుండు, చెంప మీద కొడితే ఇంకా బాగుండు అనిపించింది. క్షమించమన్నాను. ఈ వారమే డాక్టరు దగ్గరికి పోదాం, నేను తీసుకుపోతా, నీకింకా ఆలస్యం కాలేదేమో అని గబగబా చెప్పుకుపోతున్నాను. ఆమె వినడం లేదు.

"నేను గూడ చెప్పిన చెల్లె."

"ఏం చెప్పినవ్?"

"సాక్ష్యం. పోయిన నెల మా వాడకట్టు కూడికల. పోయిందని చెప్పిన."

నేను ఆమె ఎడమకాలి వైపు చూశాను.

"ఇంటోళ్లు అడుగుతాండ్రు. ఆమెకు ఒక్క దినంల పోయింది, నీకు రెండేండ్లయినా ఎందుకు పోతలేదని. నా నమ్మకంలనే ఏదో లోటున్నదని నా అత్త రోజొక్కతీరు అంటాంది. నాకు గూడ గట్లనే అనిపించింది. చెప్తెనన్న పోతదేమోనని చెప్పిన."

నేను చెప్పిన అబద్ధానికి కనీసం ఒక పొద్దున నొప్పి లేకపోవడమన్నా ఆధారం ఉంది. ఆమెకు అది కూడా లేదు. నన్ను చూసి, నా మాట పట్టుకుని, తనను తాను తక్కువ చేసుకుని, నొప్పితో నిలబడి నొప్పి లేదని చెప్పింది. ఆ ఇంట్లోంచి ఎలా బయటపడ్డానో నాకు సరిగా గుర్తులేదు.

బుధవారానికి డాక్టరు దగ్గర నంబరు తీసుకున్నాను. చౌరస్తాలో ఎదురుచూశాను, రాలేదు. ఫోన్ చేస్తే, "దవాఖానకెందుకంటే ఇంటోళ్లకు ఏమని చెప్పాలె చెల్లె?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండాలి. రెండేళ్లు అదే ప్రశ్నతో బతికినదాన్ని.

ఒక్కటే దారి కనిపించింది. నేనే అందరి ముందూ లేచి నాది అబద్ధమని చెబితే ఆమె ఇంటివాళ్లు కూడా వింటారు, ఆమె నమ్మకంలో లోటేమీ లేదని తెలుస్తుంది, ఆమెను దవాఖానకు పోనిస్తారు. నా పరువు సంగతి తర్వాత. ఆ ఆదివారం పాస్టరయ్య ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేటోళ్లు ఉంటే రండమ్మా" అన్నాడు. నేను కుడిచేయి నేలకు ఆనించి లేవబోయాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. మగ్గం నేసే చెయ్యి, ఇనుములా ఉంటుంది.

"ఏం చెప్తవే?" అంది, ముందుకే చూస్తూ, పెదవులు కదపకుండా.

"నిజం చెప్తనక్కా. నీ కోసమే."

"నీది అబద్ధమంటే నాది గూడ అబద్ధమే అంటరు. నువ్వు టీచరువు, నీకు జీతమున్నది, నువ్వు బతుకుతవ్. నేను ఆ ఇంట్లనే బతకాలె. కూసో."

"అక్కా, నీ కాలు పోతది."

"పోనియ్. కూసో."

పాస్టరయ్య ఒకసారి ఇటు చూశాడు. మా అమ్మ రెండు వరసల వెనక నుంచి చూస్తోంది. ఏ పిల్ల భయపడినా భుజం మీద తట్టి ముందుకు తోసేదాన్ని, ఆ చెయ్యి విడిపించుకోవడం నాకు పెద్ద పని కాదు. విడిపించుకోలేదు. కూర్చున్నాను. ఇంకెవరో లేచి కొడుకుకు ఉద్యోగం వచ్చిందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, మేమిద్దరమూ కొట్టాం.

ఇది జరిగి ఏడు నెలలు. అక్క మగ్గం ఇప్పుడు ఆమె ఆడబిడ్డ నేస్తోంది. అక్క దారం చుట్టే పనికి మారింది. గుండెల్లో మంటగా ఉంటోందని, అందుకే మగ్గం మానుకున్నానని ఇంట్లో చెప్పిందట. పోదాం రమ్మని ప్రతి వారం అడుగుతాను, వస్త అంటుంది. మా ఇద్దరి మధ్య ఇప్పుడు ఆ పాత ప్రశ్న లేదు.

ఆదివారం ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. ఆరాధన అయిపోయాక ఎవరికి వాళ్లం లేవలేం. ఆమె నా భుజం పట్టుకుంటుంది, నేను ఆమె నడుం చుట్టూ చెయ్యి వేస్తాను, ఒకరినొకరం లేపుకుంటాం. వెనకనున్న ఆడవాళ్లు చూసి, "వీళ్లిద్దరిది ఎంత ప్రేమనో" అనుకుంటారు. మొన్న పాస్టరయ్య కూడా ప్రసంగంలో మమ్మల్ని చూపించి అదే మాటన్నాడు.